కోళ్లకు కడుపులో పురుగులు పోయే మందు వేయడమంటే ఇంత పనా!

మా పెట్టల్లో ఒకటి మేత తింటూనే సన్నబడిపోతోంది. పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. ఓ పొద్దున రెట్టలో తెల్లటి పురుగు కనబడింది.

ఏదో మందు నీళ్లలో కలిపేద్దామనుకున్నా. పశువైద్యుడు ఆపారు, ముందు రెట్ట పరీక్ష చేయించమన్నారు. తేలింది ఏలికపాములే. పైపెరజిన్ అనే మందు వీటికి సరిపోతుంది గానీ బద్దెపురుగుల మీద పనిచేయదట. కోళ్ల పేగుల్లో జబ్బు తెచ్చే కాక్సిడియా అయితే అసలు పురుగే కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవి, దాని మందే వేరు.

మోతాదు కోడి బరువును బట్టి కదా, అసలు తంటా తూకంతో వచ్చింది. పుంజును బుట్టలో కూర్చోబెట్టేసరికి నా చేతుల నిండా గీతలే! కానీ కంటి అంచనాతో మోతాదు తగ్గిస్తే పురుగులు మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి.

డాక్టరు చెప్పిన గడువు దాకా గుడ్లు తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు. వాటిని పారేస్తుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

మందు కడుపులోని పురుగులనే చంపుతుంది. తడి చెత్తలోని వాటి గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే గూడు అడుగు మొత్తం ఎత్తిపోసి, పొడి పొట్టు పరిచాను. రెండో మోతాదు ఇంకా ఉంది.

నిన్న ఆ పెట్ట గింజల కోసం పుంజునే పొడిచి తరిమింది.