మెయిల్‌బాక్స్ సైజుల రిపోర్టు: ఎక్స్ఛేంజ్ ల్యాబ్‌లో పవర్‌షెల్ పని ఇప్పటిదాకా

ఎక్స్ఛేంజ్ అంటే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్, పవర్‌షెల్ అంటే దానికి కమాండ్లు ఇచ్చే విండోస్ స్క్రిప్టింగ్ సాధనం. హైపర్-వీలో (ఒకే కంప్యూటర్లో వర్చువల్ మెషిన్లు నడిపే విండోస్ సదుపాయం) రెండు మెషిన్లు. ఖాతాలు, లాగిన్లు చూసుకునే డొమైన్ కంట్రోలర్‌కి 4 జీబీ, ఎక్స్ఛేంజ్ 2019కి 16 జీబీ ర్యామ్. మైక్రోసాఫ్ట్ సిఫారసు 128 జీబీ, కానీ ల్యాబ్‌కి 16తో నడిచిపోతుంది. రీబూట్ చేశాక సర్వీసులన్నీ లేచేదాకా ఓపిక పట్టాలంతే. మెయిళ్ల డేటాబేస్, అందులోని మార్పులు నమోదయ్యే లాగులు సి డ్రైవులో కాకుండా వేరే డిస్కులో. 2025 అక్టోబరు 14తో 2019కి సపోర్టు అయిపోయింది కాబట్టి ఈ మెషిన్‌కి బయటి నెట్ ఇవ్వలేదు.

పని: రోజూ పొద్దున 6 గంటలకి ప్రతి మెయిల్‌బాక్స్ సైజూ సీఎస్‌వీ ఫైల్లోకి (కామాలతో విడదీసిన పట్టిక) రావాలి. పరీక్ష కోసం న్యూ-మెయిల్‌బాక్స్ కమాండ్‌ని లూపులో తిప్పి 1,200 ఖాతాలు సృష్టించాం. వందో రెండొందలో చేస్తే కింది తప్పు బయటపడదు.

మెయిల్‌బాక్స్‌ల జాబితా ఇచ్చే గెట్-మెయిల్‌బాక్స్ కమాండ్ డిఫాల్టుగా 1,000 దగ్గర ఆగిపోతుంది. తెర మీద పసుపు రంగు హెచ్చరిక వస్తుంది గానీ, షెడ్యూల్డ్ టాస్కులో దాన్ని చూసేవాళ్లెవరు? రిపోర్టు చక్కగా తయారవుతుంది, 200 మంది మాత్రం అందులో ఉండరు. -రిజల్ట్‌సైజ్ అన్‌లిమిటెడ్ రాయాల్సిందే. ఎర్ర అక్షరాలతో ఆగిపోయే స్క్రిప్టుతో భయం లేదు, తప్పు లెక్క ఇచ్చి నిశ్శబ్దంగా ముగిసే స్క్రిప్టుతోనే అసలు ప్రమాదం.

సైజు దగ్గరా అదే జరిగింది. ఎక్స్ఛేంజ్ టూల్స్ లేని అడ్మిన్ పీసీ నుంచి రిమోట్ సెషన్‌లో అడిగితే మెయిల్‌బాక్స్ సైజు చెప్పే టోటల్‌ఐటమ్‌సైజ్ అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. సార్ట్ చేస్తే 980 ఎంబీ మెయిల్‌బాక్స్ 1.2 జీబీ కంటే పైకెక్కి కూర్చుంటుంది, ఎందుకంటే పోల్చేది మొదటి అక్షరం 9నీ 1నీ. ఆ అక్షరాల వరుసలోనే బ్రాకెట్లలో బైట్ల సంఖ్య ఉంటుంది. దాన్ని విడదీసి, కామాలు తీసేసి, లాంగ్‌లోకి (పెద్ద పూర్ణాంకాలు పట్టే రకం) మార్చాలి. ఇంట్ (చిన్న పూర్ణాంకాల రకం) వాడితే 2 జీబీ దాటిన చోట పగులుతుంది.

సెషన్ తెరిచేటప్పుడు సర్వర్ పూర్తి పేరు ఇవ్వాలి. ఐపీ ఇస్తే కెర్బరోస్ (డొమైన్‌లో గుర్తింపు తనిఖీ చేసే పద్ధతి) ఒప్పుకోదు. ఎక్స్ఛేంజ్ స్నాపిన్ (పవర్‌షెల్‌కి జోడించే కమాండ్ల మూట) నేరుగా లోడ్ చేసే పాత చిట్కా పనిచేసినట్టే ఉంటుంది, కానీ అది పాత్రల వారీ అనుమతులను పక్కన పెట్టేస్తుంది. దానికి సపోర్టు కూడా లేదు, వాడొద్దు. గెట్-మెయిల్‌బాక్స్ ఫలితాన్ని పైపులో పెట్టి (అంటే నేరుగా తర్వాతి కమాండ్‌కి పంపి), ఫర్‌ఈచ్ లూపు లోపల మరో ఎక్స్ఛేంజ్ కమాండ్ పిలిస్తే, ఇప్పటికే ఒక పైప్‌లైన్ నడుస్తోందని ఎర్రర్ వస్తుంది. ఫలితాన్ని ముందు ఒక వేరియబుల్‌లో దింపుకుని, తర్వాత లూపు తిప్పితే సరి.

ఎక్కువ సమయం తినేసింది తెలుగు పేర్లు. కొన్ని ఖాతాలకి డిస్‌ప్లే నేమ్ తెలుగులోనే పెట్టాం. షెల్‌లో చదివి చూస్తే డేటా బాగానే ఉంది. సీఎస్‌వీ తెరిస్తే 'రమణ' స్థానంలో మూడు ప్రశ్నార్థకాలు, 'లక్ష్మి' స్థానంలో ఏడు. కంటికి రెండక్షరాలే, కానీ లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: మొత్తం ఏడు కోడ్‌లు. విండోస్ పవర్‌షెల్ 5.1లో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ డిఫాల్టు ఎన్‌కోడింగ్ ఆస్కీ (తెలుగు అక్షరాలు పట్టని పాత ఇంగ్లిష్ కోడ్) కావడమే కారణం. ఒకసారి ప్రశ్నార్థకమైతే ఆ ఫైలు నుంచి పేరు తిరిగి రాదు. -ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 (అన్ని భాషల అక్షరాలూ పట్టేది) ఇస్తే ఎక్సెల్‌లో కూడా సరిగ్గా తెరుచుకుంటుంది. మెయిల్ పంపే సెండ్-మెయిల్‌మెసేజ్‌కీ ఇదే మాట విడిగా చెప్పాలి. స్క్రిప్టులోనే తెలుగు రాస్తే ఆ ఫైల్ని బీఓఎంతో (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే గుర్తు) సేవ్ చేయాలి, లేకపోతే 5.1 దాన్ని తప్పుగా చదువుతుంది.

పరీక్ష మెయిళ్లు గుప్పించేసరికి లాగ్ డిస్కు నిండింది. ఒక్కో లాగ్ ఫైలు 1 ఎంబీ, బ్యాకప్ జరిగితే గానీ అవి పోవు. ల్యాబ్ కాబట్టి సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగులు తీసేసే పద్ధతి) పెట్టి, డేటాబేస్‌ని డిస్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేశాం. నిజమైన సర్వర్లో ఇలా చేస్తే చివరి బ్యాకప్ తర్వాతి మెయిళ్లను లాగుల నుంచి వెనక్కి తెచ్చుకునే దారి పోతుంది.

ఇప్పుడు మెయిల్‌బాక్స్‌లను పీఎస్‌టీ (అవుట్‌లుక్ మెయిల్ ఫైలు) రూపంలో ఎక్స్‌పోర్టు చేసే పని మొదలైంది. న్యూ-మెయిల్‌బాక్స్‌ఎక్స్‌పోర్ట్‌రిక్వెస్ట్ కమాండే కనబడకపోతే కంగారు వద్దు: మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ రోల్ డిఫాల్టుగా ఎవరికీ ఉండదు. రోల్ ఇచ్చి, షెల్ మూసి తెరవాలి. షేర్డ్ ఫోల్డర్‌లో ఎక్స్ఛేంజ్ ట్రస్టెడ్ సబ్‌సిస్టమ్ గ్రూపుకి రాసే అనుమతి ఇవ్వడం ఇంకా మిగిలి ఉంది.