గ్యారేజీ సబ్ ప్యానెల్: రెండోసారీ ఎర్ర చీటీ

డాలస్ ఎండలో అటకెక్కి కేబుల్ లాగిన నా నడుము ఇంకా నిలవలేదు, ఇన్‌స్పెక్టర్ మళ్లీ ఎర్ర చీటీ, అంటే తనిఖీలో ఫెయిల్ అని, అంటించి వెళ్లారు. దాని మీద ఉన్నదల్లా ఒకటే అంకె: 310.12. అమెరికా విద్యుత్ నియమావళి ఎన్‌ఈసీలో ఒక సెక్షన్ అది. ఇంటికి కరెంటు తెచ్చే 200 ఆంపియర్ల సర్వీసు, 4/0 సైజు అల్యూమినియం తీగ, మొదటి తనిఖీలోనే పాసైంది. గొడవంతా ఇంటి ప్యానెల్ నుంచి గ్యారేజీలోని చిన్న బ్రేకర్ పెట్టెకు (సబ్ ప్యానెల్) వెళ్లే లైనుదే. దాన్నే ఫీడరు అంటారు.

62 అడుగుల దూరం, 2 గేజ్ అల్యూమినియం ఎస్‌ఈఆర్ కేబుల్ (సర్వీసు, ఫీడర్లకు వాడే రకం), 100 ఆంపియర్ల బ్రేకర్. మొదటిసారి తీగలు పట్టే లగ్గులు సరిగా బిగియలేదేమో అనుకుని టార్క్ రెంచ్ కొన్నాను. కారణం అది కాదు. తర్వాత వోల్టేజి తగ్గుదల మీద అనుమానపడ్డాను. వెయ్యి అడుగులకు 0.319 ఓమ్‌లు, పోనూ రానూ 124 అడుగులు, 80 ఆంపియర్లు లాగినా పోయేది 3.2 వోల్టులే. 240లో 1.3 శాతం. ఎన్‌ఈసీ ఫీడరుకు చెప్పే 3 శాతం ఎలాగూ సూచన మాత్రమే.

మరి 310.12 పట్టికలో 100 ఆంపియర్లకు 2 గేజ్ అల్యూమినియం అనే కదా ఉంది! ఉంది. పట్టిక పైనున్న వాక్యమే నేను చదవలేదు. తీగ సామర్థ్యం బ్రేకర్ అంకెలో 83 శాతం ఉన్నా చాలన్న ఆ వెసులుబాటు ఇంటి మొత్తం లోడును మోసే తీగకే. ఇంట్లో పొయ్యి, డ్రయ్యరు, ఏసీ అన్నీ ఒకేసారి నిండుగా నడవవన్న లెక్క మీద ఇచ్చినది అది. గ్యారేజీ ఫీడరు మోసేది ఒక ముక్కనే, కాబట్టి మామూలు పట్టికే దిక్కు: 75 డిగ్రీల సెల్సియస్ వరుసలో 90 ఆంపియర్లు. తీగ సామర్థ్యం ప్రామాణిక బ్రేకర్ సైజుకు సరిపోకపోతేనే పై సైజుకు వెళ్లనిస్తారు; 90 కూడా ప్రామాణిక సైజే కనుక ఆ వీలు లేదు. అదే తీగ 100 ఆంపియర్ల సర్వీసుగా చిన్న ఇల్లంతా మోయవచ్చు, నా గ్యారేజీని మాత్రం మోయకూడదు!

పైగా అటకలో మధ్యాహ్నం 118 ఫారన్‌హీట్ చూపించింది. అంత వేడిలో తీగ సామర్థ్యం తగ్గించి లెక్కించాలి: 90 డిగ్రీల వరుసలోని 100ని వేడి గుణకం 0.82తో గుణిస్తే మిగిలేది 82. 82 ప్రామాణిక సైజు కాదు కనుక దానికి పై మెట్టు 90, లోడు 82 దాటనంత వరకు చెల్లుతుంది. కారు ఛార్జరు 48 ఆంపియర్లు, 125 శాతం చొప్పున 60. రంపం, దీపాలకు ఇంకో 15. మొత్తం 75, సరిపోయింది.

కాబట్టి ఇప్పటికి 90 ఆంపియర్ల బ్రేకర్. ఖరీదెక్కువైనా నాకు స్క్వేర్ డి కంపెనీ క్యూఓ రకమే నచ్చుతుంది. ట్రిప్ అయితే ఎర్ర గుర్తు కనిపిస్తుంది, చీకట్లో తడుముకోనక్కర్లేదు. రాగి వేయవచ్చుగా అని మా బావగారు అంటారు. ఈ సైజులో రాగికి డబ్బు తగలేయడం నాకిష్టం లేదు. అన్నట్టు, చదరపు మిల్లీమీటర్లకు అలవాటుపడ్డ వాళ్లకు: ఈ 2 గేజ్ అంటే దాదాపు 33.6. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది.

చలికాలంలో మినీ స్ప్లిట్ ఏసీ పెట్టాలి, మరో 15 ఆంపియర్లు. మొత్తం 90 అయి 82 దాటుతుంది, అప్పుడు 1 గేజ్ లాగక తప్పదు: 115ను 0.82తో గుణిస్తే 94, 100 బ్రేకర్‌కు చాలు. ఈసారి అటక పని డిసెంబరులోనే.