గేట్ బయోటెక్నాలజీ: కపుల్డ్ రియాక్షన్ల లెక్కలో మార్కులు ఎక్కడ పోతాయంటే

బయోఎనర్జెటిక్స్‌కి, అంటే కణంలో శక్తి మార్పుల లెక్కలకి, పేజీలకు పేజీలు నోట్స్ రాసుకోనక్కర్లేదు. ముందు 5.7 గుర్తుపెట్టుకోండి. 25 డిగ్రీల దగ్గర 2.303 ఆర్‌టీ (గ్యాస్ కాన్‌స్టంట్ ఇంటూ ఉష్ణోగ్రత) విలువ అది, మోల్‌కి కిలోజౌల్స్‌లో. డెల్టా జీ నాట్ ప్రైమ్ (ప్రామాణిక పరిస్థితుల్లో రియాక్షన్ ఫ్రీ ఎనర్జీ మార్పు) 5.7 తగ్గిందంటే ఈక్విలిబ్రియం కాన్‌స్టంట్ కే పది రెట్లు పెరిగినట్టే.

ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి గ్లూకోజ్‌కి తగిలించే ఎంజైమ్ హెక్సోకైనేజ్‌నే తీసుకోండి. గ్లూకోజ్‌కి ఫాస్ఫేట్ నేరుగా తగిలించాలంటే డెల్టా జీ నాట్ ప్రైమ్ +13.8. దాన్ని 5.7తో భాగిస్తే 2.42, గుర్తు మారిస్తే లాగ్ కే –2.42, అంటే కే సుమారు 0.0038. రియాక్షన్ ముందుకు కదలదన్నమాట. ఏటీపీ హైడ్రాలిసిస్ (నీటితో విరగడం) –30.5, దాని కే రెండు లక్షల పైచిలుకు. రెండూ కలిపితే, అంటే కపుల్ చేస్తే, –16.7, కే సుమారు 850. డెల్టా జీలను కూడాలి, కేలను గుణించాలి. హడావిడిలో కేలను కూడేసేవాళ్లే ఎక్కువ.

ఏటీపీ పక్కన విరిగిపోతే చాలు, పని జరిగిపోతుందనుకోవద్దు. అలా విరిగితే వేడి పుడుతుంది, అంతే. ఫాస్ఫేట్ నీటికి పోకుండా ఎంజైమ్ మీదే నేరుగా గ్లూకోజ్‌కి మారాలి. గ్లుటమేట్‌ని గ్లుటమిన్‌గా మార్చే ఎంజైమ్ గ్లుటమిన్ సింథటేజ్‌లో గామా గ్లుటమిల్ ఫాస్ఫేట్ మధ్యలో వచ్చేది ఇందుకే. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో మెలిక తరచూ ఇక్కడే పెడతారు. ఎంజైమ్ కేని మారుస్తుందని ఆప్షన్‌లో కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా కొట్టేయండి.

అసలు చిక్కు ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేట్‌ని రెండు ట్రయోజ్ ఫాస్ఫేట్లుగా విరిచే ఎంజైమ్ ఆల్డొలేజ్‌తో. డెల్టా జీ నాట్ ప్రైమ్ +23.8 చూసి ‘జరగదు’ అని టిక్ పెట్టేస్తారు. ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేట్, రెండు ట్రయోజ్ ఫాస్ఫేట్లు తలా 50 మైక్రోమోలార్ ఉన్నాయనుకోండి. అసలు డెల్టా జీ రావాలంటే డెల్టా జీ నాట్ ప్రైమ్‌కి 5.7 ఇంటూ లాగ్ క్యూ కలపాలి; క్యూ అంటే ఉన్న గాఢతల్లో ఉత్పత్తుల లబ్ధాన్ని మొదటి పదార్థంతో భాగిస్తే వచ్చేది. ఇక్కడ క్యూ విలువ 0.00005, లాగ్ –4.3. దాన్ని 5.7తో గుణిస్తే –24.5. మొత్తం –0.7, రియాక్షన్ ముందుకే. అదే గాఢతను మిల్లీమోలార్‌లో 0.05 అని వేస్తే జవాబు +16.4 వస్తుంది, ప్లస్-మైనస్ గుర్తే మారిపోతుంది. హెక్సోకైనేజ్‌లో రెండు వైపులా రెండేసి అణువులు కాబట్టి యూనిట్లు కొట్టుకుపోయి తప్పు బయటపడదు. ఒకటి విరిగి రెండైన చోట దొరికిపోతుంది. అందుకే ప్రాక్టీస్ ఆల్డొలేజ్ మీద చేయండి.

గేట్ ఆన్‌స్క్రీన్ కాలిక్యులేటర్‌లో లాగ్, ఎల్‌ఎన్ బటన్లు వేరువేరు. 5.7లో 2.303 ముందే కలిసి ఉంది, దాంతో లాగ్ మాత్రమే వాడాలి. ఎల్‌ఎన్ నొక్కితే ఆర్‌టీ 2.48 వేసుకోండి.