తాష్కెంట్‌లో ఒక ఏప్రిల్ రోజు

ఉజ్బెకిస్తాన్‌లో సమర్‌కండ్, బుఖారాలు చూడడానికి వచ్చే మనవాళ్లలో చాలామంది దాని రాజధాని తాష్కెంట్‌ను విమానం దిగి రైలెక్కే ఊరుగానే లెక్కవేస్తారు. నేను మాత్రం 1966లో ఇక్కడ జరిగిన రెండు సంగతుల కోసం ఈరోజంతా ఈ ఊరికే కేటాయించుకున్నాను. ఆ ఏడాది జనవరి 10న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఇక్కడ, 1965 యుద్ధం తరువాతి శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు. ఆ రాత్రి తెల్లవారకముందే శాస్త్రిగారు ఇక్కడే కన్నుమూశారు. ఆ తరువాత నాలుగు నెలలైనా తిరగకుండానే, ఏప్రిల్ 26న, ఈ నగరమే నేలమట్టమైంది.

పొద్దున్నే శాస్త్రిగారి పేరుతో ఉన్న వీధికి వెళ్లి, అక్కడి ఆయన విగ్రహం ముందు పూలు ఉంచాను. మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. మా ఇంట్లో శాస్త్రిగారంటే ముందు రైల్వే మంత్రి, ఆ తరువాతే ప్రధానమంత్రి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా మరణించినప్పుడు ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ రాజీనామా ఇచ్చి పదవి వదిలేశారు. ఆ మాట చెప్పేటప్పుడు నాన్నగారి గొంతులో ఉండే గౌరవం నాకు ఇప్పటికీ గుర్తుంది. మన దేశానికి ఇంత దూరాన ఒక వీధి ఆయన పేరు మోస్తున్నందుకు ఈ ఊరిమీద నాకు కృతజ్ఞత కలిగింది.

ఇక్కడ వైద్యవిద్య చదువుతున్న మా స్నేహితుడి కొడుకు అక్కడికే వచ్చి కలిశాడు. ఇద్దరం కలిసి అన్ఖోర్ కాలువకు దగ్గరలో ఉన్న భూకంప స్మారకానికి వెళ్లాం. 1976లో కట్టిన ఈ స్మారకాన్ని నేను చాలాసేపు చూశాను. నల్లరాతి ఘనం ఒకటి నిలువునా చీలి ఉంటుంది. దాని ఒక ముఖం మీద భూకంపం వచ్చిన తేదీ, మరో ముఖం మీద గడియారం ముళ్లు ఉన్నాయి. అవి తెల్లవారుజామున భూకంపం వచ్చిన వేళ దగ్గర ఆగిపోయి ఉన్నాయి. రాతిలో మొదలైన పగులు నేల మీదుగా సాగి, వెనక నిలబడిన కంచు విగ్రహాల పాదాల దాకా వెళ్తుంది. అక్కడ ఒక పురుషుడు తన భార్యను, ఆమె చేతిలోని బిడ్డను వెనక్కి పెట్టి, ఎదుట ఉన్న ఏదో శక్తిని ఆపుతున్నట్టు చెయ్యి చాచి ఉంటాడు. నిజానికి ఆనాటి భూకంపం తీవ్రత మరీ పెద్దదేమీ కాదు, 5 పైచిలుకే. కానీ దాని కేంద్రం సరిగ్గా నగరం కిందే, నేలకు బాగా దగ్గరగా ఉండడం వల్ల పాత మట్టి ఇటుకల ఇళ్లు వరసగా కూలిపోయి, సుమారు 3 లక్షల మందికి నిలువనీడ లేకుండా పోయింది. స్మారకం కింద తాజా పూలు ఉన్నాయి. పెళ్లిబట్టల్లో ఉన్న ఒక జంట కూడా వచ్చి పూలు పెట్టి వెళ్లింది.

నగరాన్ని తిరిగి కట్టడానికి అప్పటి సోవియట్ రిపబ్లిక్కులన్నిటి నుంచి పనివాళ్లు వచ్చారు. వాళ్లు లేపిన అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ వరుసలు వరుసలుగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి గానీ, చాలా భవనాల పక్కగోడల మీద జార్‌స్కీ సోదరులనే కళాకారులు చేసిన రంగుల మొజాయిక్‌లు ఉన్నాయి. తలదాచుకోవడానికి గూడు చాలనుకునే ఆ తొందరలో కూడా గోడకు అందం కావాలని ఎవరో పట్టుబట్టారన్న ఆలోచన నన్ను చాలా కదిలించింది.

భూకంపం వచ్చిన నేల లోపలే సొరంగాలు తవ్వి 1977లో మెట్రో మొదలుపెట్టారు. మధ్య ఆసియాలో అదే మొదటిది. రైల్వే ఇంటిలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు ఇది ఏ గుమ్మటానికీ తీసిపోని దర్శనీయ స్థలం. కాస్మోనావ్ట్‌లార్ స్టేషన్‌లో గోడలు లేత నీలం నుంచి ముదురు నీలానికి, ఆపైన నలుపుకు మారుతూ పోతాయి. ఆ గోడల మీద గుండ్రటి పలకల్లో వ్యోమగాములు గగారిన్, తెరెష్కోవాలతో పాటు 15వ శతాబ్దంలో సమర్‌కండ్‌లో నక్షత్రాల పట్టిక తయారుచేయించిన ఉలూగ్‌బేగ్ కూడా ఉన్నాడు. ఆకాశాన్ని కొలిచినవాణ్ని, ఆకాశంలోకి వెళ్లినవాళ్లను ఒకే వరుసలో నిలబెట్టడం నాకు ఎంతో నచ్చింది. 2018 దాకా ఈ స్టేషన్లలో ఫోటోలు తీయనిచ్చేవారు కాదట. ఇప్పుడు అభ్యంతరం లేదు కాబట్టి, రైళ్లు వచ్చిపోతున్నా ఎక్కకుండా ఫోటోలు తీస్తూ ఉండిపోయాను.

మధ్యాహ్నం చోర్సూ బజారుకు వెళ్లాం. పెద్ద నీలి గుమ్మటం కింద మాంసం, పైన గ్యాలరీలో ఎండు ద్రాక్ష, ఎండు ఖుబానీలు, బాదం. నా కాళ్లు మాత్రం రొట్టెల వైపే లాగాయి. అక్కడ కుర్రవాడొకడు గుండ్రటి పిండి బిళ్లను చేతిలోకి తీసుకుని, చుట్టూ అంచు ఉబ్బుగా వదిలి, నడిమిని పువ్వు ఆకారంలో పొడిచే మేకుల అచ్చుతో గట్టిగా ఒత్తాడు. తరువాత దాని వెనక భాగం తడిపి, తందూరు లోపలికి దాదాపు నడుము దాకా వంగి గోడకు అంటించాడు. కాసేపటికి తీసిన రొట్టె మీద ఆ పువ్వు అలాగే నిలిచి ఉంది. నేను దాన్ని అందుకుని బల్ల మీద పెట్టబోతుంటే, స్నేహితుడి కొడుకు గబుక్కున చెయ్యి పట్టుకుని, “అంకుల్, ఇక్కడ రొట్టెను బోర్లా పెట్టకూడదు, తప్పుగా చూస్తారు” అన్నాడు. అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపమనే ఇంట్లో పెరిగిన నాకు ఆ మాట వెంటనే బోధపడింది. పలావుతో పాటు గ్రీన్ టీ తాగుతూ ఆ రొట్టె మొత్తం తిన్నాం.

సాయంత్రం అలీషేర్ నవాయి థియేటర్ ముందున్న ఫౌంటెన్ దగ్గర కూర్చున్నాం. ఆర్కిటెక్ట్ శ్చూసేవ్ రూపకల్పన చేసి 1947లో పూర్తయిన ఈ భవనం పనిలో యుద్ధఖైదీలుగా తెచ్చిన జపాన్ సైనికులు కూడా పాల్గొన్నారు. గోడ మీద వారిని స్మరించే ఫలకం ఉంది. ఊరంతా కూలిన 1966లో ఈ థియేటర్ నిలబడింది. బందీలై, ఇంటికి ఎప్పుడు వెళ్తామో తెలియని స్థితిలోనూ వాళ్లు ఇంత శ్రద్ధగా పనిచేశారంటే వాళ్లకు ఆ ఫలకం ఒక్కటే చాలదనిపించింది.

రేపు శనివారం, పిల్లవాడికి క్లాసులు లేవు. ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చార్వాక్ జలాశయం, దాని పైన చిమ్‌గాన్ కొండలు చూడడానికి ఇద్దరం వెళ్తున్నాం. కొండల మీద చలి ఎక్కువని స్వెట్టర్ తెమ్మన్నాడు.