టీ కణ గ్రాహకం, నా కాంప్రహెన్సివ్ వైవా: బెంగళూరులో నా అనుభవం

నిన్న నా పీహెచ్‌డీ కాంప్రహెన్సివ్ వైవా ముగిసింది. దరఖాస్తు, నివేదిక, గైడ్ సంతకం సాఫీగానే జరిగాయి. ప్రయోగాల మీద వచ్చిన ప్రశ్నలూ తేలికగానే గడిచాయి. ఫాస్ఫేట్ చేరిన ప్రోటీన్ల బ్లాట్‌లో (ప్రోటీన్లను పలుచని పొర మీదికి ఎక్కించి యాంటీబాడీలతో గుర్తించే పరీక్ష) ఆ పొర ఖాళీలను కప్పడానికి పాలపొడి ఎందుకు వాడలేదంటే, పాలలోని కేసీన్ ప్రోటీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి, అవి ఫలితాన్ని తారుమారు చేస్తాయని చెప్పాను.

చిక్కంతా బయటి నుంచి వచ్చిన పరీక్షకుడితోనే. టీ కణ గ్రాహకం అంటే టీ కణం అనే రోగనిరోధక కణం పైపొరలో ఉండి, మరో కణం చూపించే యాంటిజెన్‌ను (గుర్తుపట్టాల్సిన అణువు ముక్కను) పట్టుకునే ప్రోటీన్. యాంటిజెన్ అతుక్కునేది కణం బయట, గ్రాహకానికి సొంత ఎంజైమ్ లేదు, మరి లోపలికి సంకేతం ఎలా చేరిందని ఆయన అడిగారు. గ్రాహకంతో జతగా ఉండే సీడీ3, జీటా గొలుసుల తోకల్లోని 10 ఐటామ్‌లకు (ఫాస్ఫేట్ తగిలే చోట్లకు) ఎల్‌సీకే అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తే జాప్-70 అనే మరో ఎంజైమ్ వచ్చి చేరుతుందనీ, అది లాట్, ఎస్‌ఎల్‌పీ-76 అనే అనుసంధాన ప్రోటీన్లను మేల్కొలిపితే పీఎల్‌సీ గామా-1 అనే ఎంజైమ్ ద్వారా కణంలో కాల్షియం పెరుగుతుందనీ చెప్పబోతే, అదంతా తరువాతి సంగతి, మొదటి ఫాస్ఫేట్ ఎందుకు నిలిచిందో చెప్పమన్నారు.

శాస్త్రవేత్తలు డేవిస్, వాన్ డెర్ మెర్వె 1996లో ప్రతిపాదించిన వివరణ చెప్పాను: గ్రాహకం యాంటిజెన్‌ను పట్టుకున్న చోట రెండు కణాల పొరల ఎడం సుమారు 15 నానోమీటర్లకు తగ్గుతుంది, అక్కడ ఇమడలేక టీ కణం పొరలోని సీడీ45 అనే పొడవాటి ప్రోటీన్ పక్కకు తొలగుతుంది, ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్ అదే కనుక సంకేతం నిలుస్తుంది. అలాగైతే సీడీ45 అసలే లేని కణాలు మరింత చురుకుగా ఉండాలి కదా, నిజానికి అవి స్పందించవే అని ఆయన గద్దించారు. ఎల్‌సీకే తోకపై ఉన్న నిరోధక ఫాస్ఫేట్‌ను తీసి దాన్ని సిద్ధం చేసేదీ సీడీ45నే, అందువల్ల అది ముందు కావాలి, తరువాత తొలగాలి అన్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దనీ, ఎమ్మెస్సీ పుస్తకం మళ్లీ చదువుకొమ్మనీ అందరి ముందూ అన్నారు. తల కొట్టేసినట్టయింది. గైడ్ నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని నేను క్షమించలేను. బోర్డు మీద ఎల్‌సీకే బొమ్మ గీసి, రెండు ఫాస్ఫేట్ల స్థానాలూ వేరని చూపించాక, కమిటీలోని మరొక ఆచార్యురాలు నా జవాబు సరైనదేనన్నారు. ప్రశ్న అడిగే అధికారం ఉన్నవారికి జవాబు పూర్తిగా వినే బాధ్యత కూడా ఉంటుంది.

ఈ పరీక్షకు చదివేవారు సీనియర్ల నోట్సులో సంకేతం నడిచే దారిని చూపే బాణాల పటాన్ని బట్టీ పట్టవద్దు, అది మొదటి మెట్టునే దాటవేస్తుంది. ప్రతి బాణం పక్కనా దాన్ని ఆపే మందు రాసుకోండి. కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ కాల్షియంతో మేల్కొనే కాల్సిన్యూరిన్ ఎంజైమ్‌ను అడ్డుకొని, జన్యువులను పనిచేయించే ఎన్‌ఫాట్ ప్రోటీన్‌ను కేంద్రకంలోకి వెళ్లనివ్వవు. నన్ను ఆఖరున అడిగింది అదే. ఆ జవాబు తరువాత కమిటీ సంతకాలు చేసింది.