ఫాగ్‌ల్యాంప్ కన్నం నుంచి హెడ్‌లైట్ వెనక్కి

పొద్దున్నే నేనూ, నా స్నేహితుడూ కొండ దారి పట్టాం. చూడాల్సింది కొండని కాదు, కారుకి కొత్తగా కొన్న కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందించే సరంజామా, ఎక్కడ పెడితే నయమో. డిక్కీలో ఎటు తిప్పితే అటు వంగే గొట్టం, క్లిప్పులు, అల్యూమినియం రేకు ముక్క. వాడి ఒళ్లో ఫోను, అందులో ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత.

మొదట దాని గాలి ఫిల్టర్‌ని ఇంజిన్ పక్కనే వదిలేశాం. శబ్దం అదిరింది. బయట 34 డిగ్రీలుంటే, గంటకి 80 కి.మీ. వేగంలో వెళ్తున్నప్పుడు లోపలికి 43 చూపించింది. ఫర్వాలేదనుకున్నాం. రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగేసరికి 69! గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 శాతం పలచబడుతుంది. అంటే బయటి గాలితో పోలిస్తే ఇంజిన్‌కి అందేదాంట్లో పదో వంతు పోయినట్టే, ఆ మేరకు బలమూ తగ్గినట్టే. పేరు కోల్డ్ ఎయిర్, పీల్చేది రేడియేటర్ వేడి.

గేటు దాటాక గొట్టాన్ని కిందికి దించి, బంపర్‌లో ఫాగ్‌ల్యాంప్ కన్నానికి తగిలించాం. 80లో 37. "ఇంకేం, ఇక్కడే బిగించెయ్యరా" అన్నాడు వాడు. నేనూ సరేననేవాణ్ణే, కొండ మొదట్లో వాన పట్టుకోకపోతే.

కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. ముందు వెళ్లిన కారుకి చక్రం సగం దాకా వచ్చాయి. మా గొట్టం మూతి అంతకంటే కిందే ఉంది. నొక్కితే గాలి కుంచించుకుపోతుంది కానీ నీరు కుంచించుకుపోదు. సిలిండర్‌లోకి వెళ్తే పైకొచ్చే పిస్టన్‌కి దారుండదు, దాన్ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ఆపేసి వానలో నిలబడ్డాం. టెన్షన్‌లో క్లిప్పు జారి రెండుసార్లు బురదలో పడింది.

ముందు అద్దం కింది అంచు దగ్గర పెడదామన్నాడు వాడు. కారు వెళ్తుంటే అక్కడ గాలి ఒత్తిడి పెరిగే మాట నిజమే. కానీ నా కారులో గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదుగా, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టాల మీదుగా పోవాలి. వద్దన్నాను. చివరికి హెడ్‌లైట్ వెనక, బానెట్ అంచు ఎత్తులో, మూతి ముందుకి తిప్పి, ఇంజిన్ వైపు రేకు అడ్డం పెట్టాం.

నీళ్లు తగ్గేదాకా ఆగి బయల్దేరాం. వాన గాలికి అన్ని అంకెలూ తగ్గాయి కాబట్టి బయటి ఉష్ణోగ్రతకి ఎంత ఎక్కువుందో లెక్కగట్టాం. బంపర్‌లో మూడు, ఇక్కడ ఐదు. రెండు డిగ్రీల తేడా, ఒక శాతం కూడా కాదు. యాక్సిలరేటర్ మీద కాలికి తెలిసేదేం కాదు.

తమాషా ఏంటంటే, పైకెక్కేకొద్దీ ఫోన్‌లో అంకె దిగుతూనే ఉంది, కారు మాత్రం బద్ధకించింది. వెయ్యి మీటర్లకి చలివల్ల వచ్చే లాభం రెండు శాతమైతే, ఒత్తిడి తగ్గి పోయేది పదకొండు. గాలిని ఒత్తి లోపలికి నింపే టర్బో లేని ఇంజిన్‌కి ఆ లోటు ఏ గొట్టమూ తీర్చదు.

ఇంటికొచ్చి విప్పి చూస్తే ఫిల్టర్ పొడిగా ఉంది, ఒక చిమ్మట తప్ప. ఫాగ్‌ల్యాంప్ కన్నంలో వేలు పెడితే తడి బురద.