204 ఇచ్చినాక కూడా

రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్. పుట్టినరోజు శుభాకాంక్షలంట, ప్రత్యేక తగ్గింపంట. పంపింది ఆ స్వీట్ల సైటు వాళ్లు. నేను పుట్టింది ఈరోజు కాదు, బడిలో చేర్చేటప్పుడు సారు తోచిన తేదీ రాసేసినాడు. అదట్లుంచండి, వాళ్ల దగ్గర నా అకౌంటే లేదు. సంక్రాంతికి మా అత్తకి ఆ సైట్లో అరిసెలు పంపబోతే పెద్ద రచ్చ అయింది. ఆ రోజే అకౌంటు పీకిపారేసినా.

ఊరికే బటన్ నొక్కి వదల్లా. బ్రౌజరు సర్వరుకి ఏం పంపుతోందో, ఏం జవాబొస్తోందో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచిపెట్టుకుని మరీ నొక్కినా. ఒకే లైను: డిలీట్, పక్కన నా ఐడీ ఉన్న అడ్రసు, స్టేటస్ 204. పని అయింది, తిరిగి చెప్పేదానికేం లేదు అని అర్థం. అదే రిక్వెస్టు మళ్లీ పంపితే 404. అట్లాంటిదేం లేదు పో అనింది.

మధ్యాహ్నం ఆఫీసు కాల్లో మా టీము పిల్లోడికీ ఈ 404 మీదే అనుమానం. "అక్కా, డిలీట్ ఐడెంపొటెంట్ కదా, అంటే ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్లే కదా, రెండోసారి జవాబు మారితే ఎట్ల?" జవాబు మారితే మారనీరా, సర్వర్లో చివరికి మిగిలేది ఒకటేనా కాదా చూడు అన్నా. మా తిరుపతి బైరాగిపట్టెడలో గాలి గట్టిగా వీస్తే నెట్ పోతుంది. రిక్వెస్టు చేరిందో లేదో తెలీదు. డిలీట్ అయితే ధైర్యంగా ఇంకోసారి పంపొచ్చు, కొత్త ఆర్డరు పెట్టే పోస్ట్ రిక్వెస్టు అయితే రెండు ఆర్డర్లు పడినా పడతాయి. వాడికి అర్థమైంది. సంతోషం.

మెసేజ్ చూసినప్పట్నుంచి చిత్తూరు గిరింపేట శెట్టి అంగడే గుర్తొస్తా ఉంది. నెలాఖరుకి అవ్వ బాకీ కడితే శెట్టి పొడుగు పుస్తకం తీసి మా పద్దు మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత గీసేవాడు. గీత కింద అన్నీ కనపడేవి. బెల్లం అరకిలో, ఆముదం, బీడీకట్ట. బీడీలు తాతవి కాదు, అవ్వవి. అదీ అసలు కత. "కొట్టేసినాక సదివేదానికి వస్తే అది కొట్టేసినట్లా?" అని అవ్వ గొడవ. పేజీ చింపమనేది. "చింపితే వెనకపక్క ఇంకోరి బాకీ పోతుంది కదమ్మా" అనేవాడాయన. చివరికి బీడీకట్ట మీద మాత్రం దట్టంగా సిరా పూసేవాడు. వచ్చినోళ్లందరూ ఆ మచ్చనే చూసి ఇదేంది శెట్టీ అని అడిగేవాళ్లు!

మా వాళ్లు సాఫ్ట్ డిలీట్ అనేది ఆ ఎర్రగీతనే. డేటాబేసులో వరస అట్లే ఉంటుంది, ఫలానా రోజు తీసేసినాం అని ఒక గడిలో తేదీ పడుతుంది, అంతే. 204 ఇచ్చి మోసం చేసినారే అని గంటసేపు ఉడికిపోయినా.

తీరా ఈ రిక్వెస్టులకీ నంబర్లకీ అర్థాలు రాసిపెట్టిన వెబ్ నియమాల పత్రం, 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 తీసి చదివితే, డిలీట్ అడిగేదే అంతంట. ఆ అడ్రసుకీ దాని వెనకున్నదానికీ ఉన్న సంబంధం తెంపమని. ఉన్న సమాచారం అంతా చెరిగిపోవాలని అందులో లేదు. ఇప్పుడే కాదు, తర్వాత చేస్తా అనుకుంటే సర్వరు 202 కూడా చెప్పొచ్చు. మా కోడులోనూ గీతే గీస్తాం, బిల్లుల లెక్కలు ఉండాల గదా. కాబట్టి 204 ని తిట్టడం అన్యాయం, వెనక్కి తీసుకుంటున్నా.

ఆ సైటోళ్లని మాత్రం వదల్ను. బిల్లు దాచుకోవడం వేరు, కొట్టేసిన పద్దులోంచి నా నంబరు ఏరి తగ్గింపులు పంపడం వేరు. శెట్టి ఎన్నడూ పాత పద్దు చూసుకుని "బీడీలు కావాలామ్మా" అంటా ఇంటికి రాలా.

మన డేటా చెరిపేయమని అడిగే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాసుంది. సరే అడుగుదామని సైటుకి పోతే, ఫిర్యాదు పెట్టాలంటే ముందు లాగిన్ అవ్వాలంట. నంబరు కొట్టినా. ఈ నంబరుతో అకౌంటు లేదు, కొత్తగా చేరండి అంటోంది.